కల్లంగడికి కితాబులా?

లండన్ వెళ్ళొచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట. వీధి మలుపులో చిన్న పబ్బుట, పీపాలోనే పులిసే అసలైన ఏల్ బీరుట! పెద్ద కంపెనీల బీరు ఆ రుచిని మింగేస్తోందని అక్కడివాళ్ళు 1971లో ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు. మన ఈతకల్లూ అలాంటిదే కదా, దాన్నీ కాపాడుకోవద్దూ అంటారు మా తుమ్మలపల్లె మగమహారాజులు.

పోలిక బాగానే ఉంది, కాదనను. ఈతకల్లూ కుండలో తనంతట తనే పులుస్తుంది. పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు.

నా పేచీ కల్లుతో కాదండీ, అక్కడి బల్లతో! పబ్ అంటే పబ్లిక్ హౌస్, జనమందరి ఇల్లు. మరి ఆడవాళ్ళు జనం కారూ? లండన్‌లోనూ ఊరికే చోటివ్వలేదు. ఎల్ వినో అనే వైన్ బారులో ఆడవాళ్ళని కౌంటరు దగ్గర నిలబడనిచ్చేవారు కాదు, వెనకగదిలో కూర్చోమనేవారు. ఇద్దరు స్త్రీలు కోర్టుకెక్కి 1982లో గెలిచారు.

మనవాళ్ళు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్నే మూయించారు. మరుసటేడు రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కూర్చునే చోటే లేనివాళ్ళకి మూయించడం తప్ప మరో దారేదీ?

కల్లంగడి మన సంస్కృతి అని పొగిడే అయ్యలారా! కూలిడబ్బులు ముందు ఇల్లు చేర్చండి. పొయ్యి, పిల్లలు, నీళ్ళబిందె ఒక్క సాయంత్రం మీరు చూసుకోండి. మేము ఆ బల్లమీద కూర్చుని నాలుగు కబుర్లు చెప్పుకుంటాం. చేతిలో కల్లా, మజ్జిగా అన్నది మా ఇష్టం. అప్పుడొప్పుకుంటాను, అది మనందరి సంస్కృతేనని!