మంచి కన్ను దాచిపెట్టే జబ్బు

నయాపూల్ మీద నిలబడితే ఒక ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, ఇంకో ఒడ్డున హైకోర్టు. రెండింటికీ గుమ్మటాలే. ఈసారి అటు వెళ్లినప్పుడు ఓ చిన్న పని చేయండి. ఒక కన్నును అరచేత్తో, నొక్కకుండా మూసి, రెండో కంటితో ఆ గుమ్మటాల అంచులు చూడండి. తర్వాత కన్ను మార్చండి. ఒక కంటికి మాత్రం అంచు పక్కనే నీడలా మరో అంచు కనబడుతోందా? దాన్ని మూసీ ఒడ్డు పొగ మీదకు నెట్టేయకండి. పొగ రెండు కళ్లకూ ఒకటే కదా!

దుకాణాల బోర్డులతోనూ చూడొచ్చు. ఉర్దూ చదివేవారికైతే తేడా ఇట్టే పట్టుబడుతుంది. పదం మధ్యలో ఒక చుక్క పెడితే 'నూన్', రెండు పెడితే 'తే'. ఒక్క చుక్క రెండుగా కనిపిస్తే అక్షరమే మారిపోతుంది.

ఇలా కనబడటానికి ఒక కారణం కెరటోకోనస్. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శక పొరే కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. ఈ జబ్బులో అది పల్చబడి, గుండ్రంగా ఉండాల్సింది శంఖువులా ముందుకు పొడుచుకొస్తుంది. సాధారణంగా పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాయం నుంచి మొదలై ముప్పై దాటేదాకా పెరుగుతూ పోవచ్చు.

చిక్కేమిటంటే, ఇది తరచూ ఒక కంటిలో ముందు ముదురుతుంది. రెండో కన్ను బాగుంటుంది గనక పిల్లాడు నల్లబల్ల చదువుతాడు, క్రికెట్ ఆడతాడు, టీవీ చూస్తాడు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు, వాడికీ తెలియదు. తెలిసేసరికి కొన్నేళ్లు గడిచిపోతాయి. అద్దాలు వాడేవారైతే ఒక కంటి సిలిండర్ పవర్ మాటిమాటికీ పెరుగుతుంది. షాపులో కొత్త అద్దాలు బిగించి పంపేస్తారు, మనమూ ఊరుకుంటాం.

'ఒక కంటికే కదా, రెండోది ఉందిగా' అనుకోవడానికీ లేదు. 2015లో వివిధ దేశాల నిపుణులు కలిసి తేల్చిన మాట: నిజంగా ఒకే కంటికి పరిమితమైన కెరటోకోనస్ లేదు. రెండోది వెనకబడి ఉంటుందంతే. ఒకే కన్ను ఉబ్బితే, దాన్నే పనిగట్టుకుని నలపడం వల్ల కావచ్చునన్నారు. అందుకే డాక్టర్లు 'ఏ కన్ను ఎక్కువ నలుపుతావు?' అని అడుగుతారు. ఎలర్జీతో కళ్లు దురదపెట్టే పిల్లలు పిడికిలి వేళ్లతో నలపడం మీరూ చూసే ఉంటారు. తిడితే ఆగదు, దురదకు మందు వేయించాలి.

కార్నియా ఎత్తుపల్లాలను పటం గీసినట్టు చూపే పరీక్ష ఉంది, టోపోగ్రఫీ. లేసిక్ చేయించుకోబోయేవారు దీన్ని అస్సలు వదలకూడదు. ఉన్న జబ్బు తెలియక కార్నియాను ఇంకా పల్చన చేయించుకుంటే కోరి తెచ్చుకున్న కష్టమే.

జబ్బు పెరుగుతోందని తేలితే క్రాస్ లింకింగ్ చేస్తారు. బి2 విటమిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి కార్నియా పోగులను గట్టిపరుస్తారు. జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు రోగుల మీద ఫలితాలను 2003లో ప్రకటించారు. అమెరికా 2016లో అనుమతించింది. ఇది ప్రధానంగా జబ్బును ఆపడానికే, పోయిన చూపును పూర్తిగా తిరిగి ఇవ్వదు. ముందుగా వెళ్లిన కంటికీ ఆలస్యంగా వెళ్లిన కంటికీ తేడా అక్కడే. చూపు కోసం అద్దాలు, అవి చాలకపోతే గట్టి కాంటాక్ట్ లెన్సులు. మరీ ముదిరితే కార్నియా మార్పిడి.

నయాపూల్ నుంచి మెహిదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఎంతో దూరం కాదు. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ డబ్బు కట్టలేనివారికి ఉచితంగా చూస్తారు. వెళ్లేటప్పుడు పాత అద్దాల చీటీలన్నీ పట్టుకెళ్లండి. పాత నంబరూ కొత్త నంబరూ పక్కపక్కన పెడితే ఏ కన్ను ఎంత వేగంగా మారుతోందో డాక్టరుకు తెలుస్తుంది. ఇంట్లో ఒకరికి జబ్బు ఉందని తేలితే అన్నదమ్ముల్నీ, అక్కచెల్లెళ్లనూ చూపించండి, వాళ్లకు ఏ ఇబ్బందీ లేకపోయినా సరే.