పొదుగు మీద విషం

వానలు పడితే చాలు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో పాడిపశువు చెవుల్లో, తోక కింద, పొదుగు మీద గోమార్లు గుత్తులు కడతాయి. వెంటనే డెల్టామెత్రిన్ సీసా వస్తుంది. ఎన్ని నీళ్లకు ఎంత కలపాలో చెప్పే దిక్కుండదు, మూతతో కొలిచి పోస్తారు. ఇంటాయన గల్ఫ్‌లో ఉంటే ఆ పని ఆడమనిషిదే, ఉత్త చేతులతో. గోమారి చావకపోతే పత్తికి కొట్టే మందు, కాలిన ఇంజిన్ ఆయిల్. అదీ కాకుంటే ఐవర్‌మెక్టిన్ సూది. ఆ మందు పాలలోకి దిగి రోజుల తరబడి ఉంటుంది. ఆ పాలే కేంద్రానికి పోతాయి, మన పిల్లలే తాగుతారు. దీన్ని వైద్యం అనడానికి నాకు నోరు రాదు!

పైగా గోమార్లు లొంగడం లేదు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లను అవి తట్టుకుంటున్నాయని అనేక రాష్ట్రాల్లో పరిశోధనలు తేల్చాయి. మందు పల్చబడిన ప్రతిసారీ మొండివి బతికి సంతానాన్ని పెంచుతాయి. నెత్తురు తాగి ఉబ్బిన ఆడది పశువు మీద ఉండదు. రాలిపడి, కొట్టం గోడ పగుళ్లలోనో చెత్త కిందనో 2,000కు పైగా గుడ్లు పెడుతుంది. మనం మాత్రం పశువునే తడుపుతూ ఉంటాం.

కోరుట్ల, మెట్‌పల్లి పసుపు నేల. వేపకు కరువే లేదు. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ప్రచారం చేస్తున్న మందులో ఉన్నవీ ఇలాంటివే: వేపాకు, వేపకాయ, పసుపు, వెల్లుల్లి, వస, తులసి. నూరి, నీళ్లలో కలిపి, వడగట్టి, వారానికోసారి పశువు మీదా కొట్టం పగుళ్లలోనూ చల్లాలి. అయితే పసరుతో అన్నీ పోతాయని చెప్పేవాళ్ల మీదా నాకు అంతే కోపం. జెర్సీ ఆవుకు గోమారి మోసే థైలేరియా సోకి, ఒళ్లు కాలి, గ్రంథులు ఉబ్బితే బుపార్వాక్వోన్ సూదే కావాలి. ఆలస్యం చేయకుండా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయాలి.

గోమారి రోగం మోస్తుందని అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ 1893లోనే నిరూపించారు. సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా దోమ గుట్టు విప్పింది ఆ తర్వాత నాలుగేళ్లకు. దోమ మీదికి వీధివీధికీ బృందాలొస్తాయి. గోమారిని మాత్రం దుకాణందారుకు వదిలేశాం.

కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది. మందు అద్దిన కాగితపు పొట్లంలో గోమారి పిల్లల్ని ఒక్కరోజు ఉంచితే ఏ ఊళ్లో ఏ మందు పనికిరాకుండా పోయిందో తేలుతుంది. వచ్చే వానాకాలానికి ముందే మండలానికో ఊళ్లో ఆ పరీక్ష చేయండి. వేప పసరునూ పక్కనే పెట్టి చూడండి. ఫలితాన్ని తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ప్రతి పాలకేంద్రం గోడకూ అతికించండి.