ప్రయోగశాల విద్యార్థికి రక్షణ ఏది?

వేసవి వచ్చినదంటే హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి. వంటి ప్రయోగశాలలలో పని నేర్చుకొనగోరి కళాశాల విద్యార్థులు దరఖాస్తులు పంపుతారు. పరికరం ముందు గడిపిన రెండు నెలలు ఎన్నో పాఠాలకు సాటి. ట్రాక్‌మన్ కుమార్తె, పోస్ట్‌మన్ కుమారుడు కూడా ఆ పరికరం ముందు నిలబడాలని మేము కోరుతున్నాము.

అయితే ఖర్చు ఎవరు భరించాలి? మూడు సైన్సు అకాడమీలు కలిసి నడుపుతున్న వేసవి పరిశోధనా ఫెలోషిప్‌లో భృతితోపాటు రైలు ఛార్జీలు కూడా ఇస్తారు. హర్షణీయమే. (వేసవిలో బెర్తు దొరుకుతుందా అన్నది మన రైల్వే సోదరులే చెప్పాలి!) భృతి లేనిచోట మాత్రం, పరాయి ఊరిలో గది అద్దె, భోజనం ఖర్చు పెట్టుకోగల ఇళ్ల పిల్లలే చేరగలుగుతారు.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. మన వర్క్‌షాపులలోని యాక్ట్ అప్రెంటిస్ కార్మికుడు కాడని 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షన్ చెప్పుచున్నది. ఆ మాటతో మాకు తగవు ఉన్నది. కాని అదే చట్టం 13వ సెక్షన్ అతనికి స్టైపెండు ఇమ్మన్నది. పనిలో గాయపడితే 16వ సెక్షన్ నష్టపరిహారం ఇమ్మన్నది. ఆమ్లాల నడుమ, గ్యాసు సిలిండర్ల నడుమ పనిచేసే విద్యార్థి ఆ చట్టం క్రింద నమోదు కానంతవరకు, కార్మికుడూ కాక, అప్రెంటిసూ కాక నిలిచిపోతున్నాడు.

భృతి, రైలు ఛార్జీ, ప్రమాద పరిహారం ఎంతెంతో ప్రతి జాతీయ ప్రయోగశాల తన ప్రవేశ ప్రకటనలోనే వ్రాతపూర్వకంగా తెలుపవలెనని మేము డిమాండు చేస్తున్నాము.