పార్శిళ్లకు సుంకాల సంకెళ్లు

చెల్లింపు భారం పంపేవారి పైకే
డిక్లరేషన్‌లో తేడా వస్తే తిరుగు టపాయే

కోల్‌కతా: విదేశాలలో స్థిరపడిన పిల్లలకు, బంధువులకు దసరా ముందు కొత్త చీరలు, ధోవతులు, పూజా ప్రత్యేక సంచికలు పార్శిల్ చేయడం వంగదేశంలో ఆనవాయితీ. 2025లో అమెరికా విషయంలో ఈ ఆనవాయితీకి గండి పడింది. ఆ ఏడాది ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్శిళ్ల స్వీకరణను తపాలా శాఖ నిలిపివేసింది. నెలాఖరుకల్లా ఉత్తరాలు, వంద డాలర్ల లోపు కానుకలు సైతం ఆగిపోయాయి. అక్టోబర్ 15న సేవలను పునరుద్ధరించే నాటికి విజయదశమి వెళ్లి పదమూడు రోజులైంది. దీపావళికి మిగిలింది అయిదు రోజులే.

సేవలు తిరిగి మొదలైనా పాత పద్ధతి మాత్రం తిరిగి రాలేదు. విదేశీ పార్శిల్‌పై సుంకం ఎవరు చెల్లించాలి, ఎప్పుడు చెల్లించాలి అన్న విషయమే తారుమారైంది. దీని ప్రభావం పెద్ద ఎగుమతిదారులకన్నా కౌంటర్ వద్ద నిలబడే సామాన్యుని మీద, చిన్న వృత్తి కళాకారుల మీదనే ఎక్కువగా ఉన్నది.

మూలం వాషింగ్టన్‌లో

800 డాలర్ల లోపు విలువగల సరుకును సుంకం లేకుండా తెప్పించుకునే వెసులుబాటు అమెరికాలో 2016 నుంచి ఉండేది. అంతకు ముందు ఈ పరిమితి 200 డాలర్లు. చైనా, హాంకాంగ్ సరుకుకు ఈ మినహాయింపును 2025 మే 2 నుంచి రద్దు చేసిన ట్రంప్ ప్రభుత్వం, జులై 30 నాటి ఉత్తర్వు ద్వారా ఆ రద్దును ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ వర్తింపజేసింది. తపాలా పార్శిళ్లపై సుంకాన్ని రవాణా సంస్థలు గాని, అమెరికా కస్టమ్స్ ఆమోదించిన మధ్యవర్తి సంస్థలు గాని వసూలు చేసి జమకట్టాలని ఆదేశించింది.

అయితే వసూలు విధానం ఏమిటో, మధ్యవర్తులు ఎవరో తేలకముందే గడువు ముంచుకువచ్చింది. తాము సిద్ధంగా లేమంటూ విమాన సంస్థలు తపాలా సరుకును తీసుకోవడానికి వెనుకాడాయి. ఈ ఇబ్బంది ఒక్క భారత్‌కే పరిమితం కాలేదు. మొత్తం 88 తపాలా సంస్థలు అమెరికాకు సేవలను పూర్తిగానో, పాక్షికంగానో నిలిపివేశాయి. ఆగస్టు 29న అమెరికాకు చేరిన టపా అంతకు వారం కిందటితో పోలిస్తే 81 శాతం తగ్గిపోయిందని విశ్వ తపాలా సమాఖ్య వెల్లడించింది. 1874లో ఏర్పడిన ఈ సమాఖ్యలో భారత్ 1876లోనే చేరింది.

ముందే చెల్లింపు

ఇంతకు ముందు సుంకం ఏదైనా పడితే పార్శిల్ అందుకునేవారు చెల్లించేవారు. 2025 అక్టోబర్ నుంచి అమెరికాకు వెళ్లే పార్శిళ్లపై ఆ మొత్తాన్ని పంపేవారే బుకింగ్ సమయంలో చెల్లించాలి. అప్పట్లో భారత సరుకుపై సుంకం ప్రకటిత విలువలో 50 శాతం. అంటే 120 డాలర్ల కాంతా కుట్టుపని చీరను పంపదలచినవారు తపాలా రుసుముకు తోడు 60 డాలర్లకు సమానమైన మొత్తాన్ని కోల్‌కతాలోనే కట్టవలసి వచ్చింది. ఒక వ్యక్తి మరొక వ్యక్తికి పంపే వంద డాలర్ల లోపు కానుకకు మాత్రం మినహాయింపు కొనసాగింది.

తపాలా శాఖ ఈ వసూలుకు అదనపు రుసుము విధించకపోవడం కొంత ఊరట. కొరియర్ సరుకుపై వస్తువును బట్టి పడే అదనపు సుంకాలు తపాలా సరుకుపై లేకపోవడం కూడా చిన్న ఎగుమతిదారులకు కలిసివచ్చింది. కాగా సరుకు అమ్ముడుపోయి డబ్బు చేతికి రాకముందే సుంకం చెల్లించవలసి రావడం శాంతినికేతన్ తోలు సంచులు, బాంకురా మట్టి గుర్రాలు, డోక్రా బొమ్మలు చేసేవారికి పెట్టుబడి సమస్యే.

చీటీయే ప్రాణం

కోల్‌కతా జీపీవో గుమ్మటానికి, స్ట్రాండ్ రోడ్డులోని కస్టమ్స్ హౌస్‌కు మధ్య దూరం కూతవేటు మాత్రమే. విదేశీ పార్శిల్ భవితవ్యం ఈ రెండు శాఖల మధ్యనే తేలుతుంది. అందుకు ఆధారం పార్శిల్‌పై అతికించే కస్టమ్స్ డిక్లరేషన్. తక్కువ విలువగల చిన్న ప్యాకెట్లకు సి.ఎన్.22, అంతకు మించినవాటికి సి.ఎన్.23 ఫారాలు వాడుకలో ఉన్నాయి. లోపలి వస్తువు, సంఖ్య, బరువు, విలువ ఇందులో నింపాలి.

ఈ వివరాలను కంప్యూటర్ ద్వారా ముందుగానే అవతలి దేశానికి పంపడం 2021 నుంచి సమాఖ్య నిబంధనల ప్రకారం తప్పనిసరి. తత్ఫలితంగా పార్శిల్ విమానం ఎక్కక ముందే దాని సమాచారం పరిశీలనకు చేరుతున్నది. ‘దుస్తులు’, ‘ఇంటి సామాను’, ‘గిఫ్టు’ అని పొడిపొడిగా రాస్తే పార్శిల్ ఆగిపోవచ్చు, లేదా వెనక్కు రావచ్చు. ‘చేనేత నూలు చీర, ఒకటి’ అని స్పష్టంగా రాయడమే మేలు. సుంకం తప్పించుకోవడానికి విలువ తగ్గించి రాస్తే పార్శిల్ పోయినప్పుడు పరిహారం ఆ తగ్గించిన విలువను మించదు. అమ్మిన సరుకును కానుకగా చూపడం తప్పుడు డిక్లరేషన్ కిందికే వస్తుంది.

తినుబండారాల విషయంలో చిక్కు మరింత ఎక్కువ. అమెరికాకు ఆహార పదార్థాలు పంపేటప్పుడు అక్కడి ఆహార, ఔషధ సంస్థకు ముందస్తు సమాచారం ఇవ్వాలని 2002 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. ఇంట్లో స్వయంగా తయారుచేసి సొంతవారికి కానుకగా పంపే పదార్థాలకు ఈ నిబంధన వర్తించదు. అంటే అమ్మ చేతి కందిపొడికి, దుకాణంలో కొన్న కందిపొడికి నిబంధనలు వేర్వేరు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికైనా, విజయవాడ, హైదరాబాద్‌లలోని తల్లిదండ్రులకైనా ఇది తెలిసివుండవలసిన విషయమే.

అన్ని దేశాలదీ అదే దారి

మినహాయింపులను ఉపసంహరిస్తున్నది అమెరికా ఒక్కటే కాదు. ఐరోపా సమాజం 22 యూరోల లోపు సరుకుకు ఉన్న పన్ను మినహాయింపును 2021 జులైలో ఎత్తివేసింది. 150 యూరోల లోపు పార్శిళ్లలోని వస్తువులపై 2026 జులై 1 నుంచి 3 యూరోల చొప్పున సుంకం విధించాలని 2025 డిసెంబర్‌లో నిర్ణయించింది. భారత్ సైతం ఇందుకు అతీతం కాదు. విదేశాల నుంచి కానుకల పేరిట సుంకం లేకుండా సరుకు తెప్పించుకునే వెసులుబాటును 2019 డిసెంబర్‌లో తొలగించి, రాఖీలకు, ప్రాణరక్షక ఔషధాలకు మాత్రమే మినహాయింపు ఉంచింది. చౌక సరుకు విక్రేతలు ‘కానుక’ను కవచంగా వాడుకోవడమే ఈ చర్యలకు ప్రధాన కారణం. వారి నిర్వాకానికి అసలు కానుకలు పంపుకునేవారు మూల్యం చెల్లిస్తున్నారు.

సుంకాల రేట్లు రాజకీయ పరిణామాలను బట్టి మారవచ్చు. 800 డాలర్ల మినహాయింపు రద్దు మాత్రం కేవలం అధ్యక్షుని ఉత్తర్వుతో ఆగలేదు. 2027 జులై 1 నుంచి దానిని శాశ్వతంగా తొలగిస్తూ అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన చట్టం 2025 జులై 4నే అమలులోకి వచ్చింది. పాత రోజులు తిరిగి వస్తాయని ఎదురుచూడడం వృథా.

తపాలా ఎగుమతుల కోసం దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలు వెలిశాయి. వ్యాపారులకు అవి చేస్తున్న మార్గదర్శనం సాధారణ కౌంటర్ వద్దకు వచ్చే తల్లిదండ్రులకూ అందాలి. ఏ దేశానికి ఏది పంపవచ్చునో, సుంకం ఎంతో, ఫారంలో ఏమి రాయాలో ప్రాంతీయ భాషలలో ప్రతి పెద్ద తపాలా కార్యాలయంలోనూ ప్రదర్శించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆపాటి ఏర్పాటు కొరవడితే, తెలియక చేసిన చిన్న పొరపాటుకు పండుగ పార్శిల్ పండుగ దాటాక పంపినవారి గడపకే తిరిగి రావడం తప్పదు.