జీతం చెప్పని ప్రకటనకు సమర్థులు రారు



“మంచి మనుషులు దొరకడం లేదండీ” అన్న మాట విజయవాడ ఆటోనగర్ నుంచి హైదరాబాద్ బేగంబజార్ దాకా వినిపిస్తూనే ఉంది. మనుషుల్లో లోపం వెతికే ముందు యజమానులుగా మనం వేసే ప్రకటన చదువుకుందాం: “అకౌంటెంట్ కావలెను. అనుభవజ్ఞులకు ప్రాధాన్యం. ఆకర్షణీయమైన జీతం. బయోడేటాతో స్వయంగా కలవండి.” చేయాల్సిన పనేమిటో, జీతమెంతో, సెలవెప్పుడో ఇందులో లేదు. పని బాగా తెలిసినవారు సాధారణంగా ఎక్కడో ఒకచోట ఉద్యోగంలోనే ఉంటారు. నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయో లేదో తెలియకుండా, ఒకరోజు జీతం పోగొట్టుకుని, ఇప్పటి యజమానికి అనుమానం కలిగించి మరీ వారు రారు. ఏ పనైనా సరే అనుకునేవారే ఎక్కువగా వస్తారు. సమర్థుల్ని గుమ్మంలోనే వెనక్కి పంపుతున్నది మన ప్రకటనే.

అదే ప్రకటనను ఇలా వేసి చూడండి: “అకౌంటెంట్ కావాలి. టాలీలో రోజువారీ ఎంట్రీలు, నెలనెలా 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బి దాఖలు చేయాలి. జీతం 22–26 వేలు, పీఎఫ్. ఉదయం 10 నుంచి రాత్రి 7. ఆదివారం సెలవు.” రిటర్నులు వేయడం రానివారు తమంతట తామే తప్పుకుంటారు. వచ్చేవారు లెక్క చూసుకునే వస్తారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లలో ఖాళీలు, అర్హతలు, పే స్కేలు ముందే ఉంటాయి. ఆ పద్ధతి మనకెందుకు బరువు?

జీతం అచ్చువేస్తే పాత సిబ్బంది అలుగుతారని కొందరి భయం. అది నిజమే. కానీ కొత్తవారి జీతం నెల తిరక్కుండానే టీకొట్టు దగ్గర బయటపడుతుంది. తేడాకు కారణం చెప్పగలిగితే గొడవ లేదు. చెప్పలేకపోతే సరిదిద్దాల్సింది జీతాన్నే. పోటీదారు లాక్కుపోతాడంటారా? మార్కెట్ రేటు ఆయనకు ఎలాగూ తెలుసు, తెలియనిది అభ్యర్థికే. అందరూ పై అంకెనే అడుగుతారంటే, ఎన్నేళ్ల అనుభవానికి ఎంతో రాసేయండి. పత్రికలో లైను ఖరీదంటే, “ప్రముఖ సంస్థకు”, “ఆకర్షణీయమైన” తీసేస్తే చోటు దొరుకుతుంది. కొన్నిచోట్ల ఇది చట్టమే అయింది: అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2021 నుంచి, న్యూయార్క్ నగరం 2022 నవంబరు నుంచి ప్రకటనలో జీతం చెప్పడం తప్పనిసరి చేశాయి.

మనం చట్టం కోసం ఆగనక్కర్లేదు. పని, జీతం, వేళలు, సెలవు లేని ప్రకటన సభ్యులెవరూ ఇవ్వరాదని ప్రతి ఊరి వర్తక సంఘం, చాంబర్ ఆఫ్ కామర్స్ తీర్మానించాలి. పత్రికలు క్లాసిఫైడ్ ఫారంలోనే ఈ నాలుగు గళ్లు పెట్టాలి. ఈ వారం మీరిచ్చే ప్రకటనతోనే మొదలుపెట్టండి.