సంచీ పోయింది, దుమ్ము ఎటు పోయింది?

సంచీ లేని వాక్యూమ్ క్లీనర్ గురించి రాసేవాళ్లు 5,127 అనే అంకెను మర్చిపోరు. ఇంగ్లండులో జేమ్స్ డైసన్ 1970ల చివర మొదలుపెట్టి అన్ని నమూనాలు చేస్తే గానీ అది కుదరలేదట. ఆ ఏళ్లలో ఆయన భార్య డెయిర్డ్రె బొమ్మలు గీయడం నేర్పి తెచ్చిన జీతంతో ఇల్లు గడిచిన సంగతి మాత్రం ఒక వాక్యంలో తేల్చేస్తారు. అది మనకు తెలిసిన కథే. నా అభ్యంతరం యంత్రంతోనే.

పాత యంత్రంలో కాగితం సంచీ రెండు పనులు చేసేది. గాలిని వడకట్టేది, దుమ్మును మూసి ఉంచేది. దాని రంధ్రాలు పూడుకునేకొద్దీ పీల్చే శక్తి తగ్గేది. సామిల్లుల మీద కనిపించే పెద్ద గరాటులో గాలి సుడి తిరుగుతుంది. బరువైన పొట్టు గోడలకు కొట్టుకుని కిందికి జారుతుంది. మన రైసుమిల్లుల్లో ఊక దుమ్మును వేరుచేసేదీ ఇలాంటి సైక్లోనే. డైసన్ దాన్ని చిన్నది చేసి ఇంట్లోకి తెచ్చాడు. సుడికి చిక్కని సన్నని ధూళిని ఫిల్టరు ఆపుతుంది. అసలైన హెపా ఫిల్టరైతే 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం పట్టేస్తుంది. పీల్చే శక్తి నిలిచింది, సంచీల ఖర్చు తప్పింది. ఇది మేలే, కాదనను.

అయితే సంచీతోపాటు ఆ మూతా పోయింది. డబ్బా నిండాక ఎవరో ఒకరు చెత్తబుట్ట మీదికి వంగి దాన్ని తెరవాలి. సుడి అంత కష్టపడి వేరుచేసిన ధూళి ఆ మనిషి ముఖం మీదికే లేస్తుంది. ఫిల్టరు దులపాలి, కడగాలి, ఆరబెట్టాలి. ప్రకటనల్లో ఈ పనికి చోటుండదు. తివాచీలు బయటికి మోసి దులిపే పనిలో ఒకప్పుడు మగవాళ్లూ పిల్లలూ చెయ్యివేసేవారనీ, యంత్రం వచ్చాక అది గృహిణి ఒక్కదాని పని అయిందనీ రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే అమెరికా ఇళ్ల గురించి రాసింది.

హైదరాబాదు అపార్టుమెంట్లలో ఆ ఒక్కరు చాలాచోట్ల పనిమనిషి. పిల్లాడికి ఉబ్బసమని హెపా ఉన్న యంత్రం కొంటారు. డబ్బా దులిపే ఆమె ఊపిరితిత్తుల గురించి ఎవరూ అడగరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక ఇంటిపని కార్మికులకు సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని పరిస్థితులను హక్కుగా గుర్తించింది. మన ప్రభుత్వం దానికి అనుకూలంగా ఓటేసింది గానీ ధ్రువీకరించలేదు. ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. ఆమెకు మాస్కు ఇవ్వవచ్చు, డబ్బాను ఆరుబయట ఖాళీ చేయించవచ్చు, ఫిల్టరు కడిగే సమయాన్ని జీతంలో లెక్కకట్టవచ్చు. సంచీ ఉన్న రకాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఏది కొనాలో ఖాళీ చేసే ఆమెనే ముందు అడగవచ్చు.