మీవాళ్ళెవరు?

ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ రోజున పొదిలి టీకొట్టు దగ్గర మమ్మల్ని స్కోరెంతని అడగరు. 'ఏం సాయిబూ, మీవాళ్ళెట్టా ఆడుతున్నారు?' అంటారు. నిన్నటిదాకా ఒకే చేలో మిరపకాయలు కోసినవాళ్ళం, ఒకే షావుకారుకి బాకీపడ్డవాళ్ళం. టాస్ పడేసరికి మేం అవతలి జట్టు! ఇండియా గెలిచిందని చప్పట్లు కొడితే నటన. కొట్టకపోతే ద్రోహం.

ఇంతకీ ఆ 'మీవాళ్ళు' ఎవరు? 1952 అక్టోబరులో ఢిల్లీలో పాకిస్తాన్ తన మొదటి టెస్టు ఆడింది. కెప్టెన్ కర్దార్ 1946లో ఇండియా తరఫున ఇంగ్లండులో ఆడినవాడే. ఆ జట్టులోనే ఉన్న అమీర్ ఇలాహీ కూడా ఇండియాకు ఆడినవాడే. మరి ఇటువైపు? మన హైదరాబాదీ గులాం అహ్మద్ పదో వికెట్టుకి హేమూ అధికారితో కలిసి 109 పరుగులు జోడించాడు. ఇండియా ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. ఆయన దగ్గరి చుట్టమే ఆసిఫ్ ఇక్బాల్. హైదరాబాదుకు రంజీ ఆడి, 1961లో వలసపోయి, 1979లో పాకిస్తాన్ కెప్టెన్‌గా ఇక్కడికొచ్చాడు. ఒక కుటుంబం రెండు జట్లయింది. గీత గీసింది మేం కాదు.

అబ్బాస్ అలీ బేగ్ సంగతి చూడండి. 1959లో మాంచెస్టర్‌లో తన మొదటి టెస్టులోనే సెంచరీ కొడితే దేశం ముద్దుబిడ్డ. 1960-61లో పాకిస్తాన్ మీద పరుగులు రాకపోతే తురకోడు. కావాలనే అవుటయ్యాడంటూ ఉత్తరాలు! ఫామ్ పోగొట్టుకునే హక్కు కూడా మాకు లేదన్నమాట. 2021 అక్టోబరు 24న దుబాయిలో ఇండియా పది వికెట్లతో ఓడింది. ఓడింది పదకొండుమంది, మతం పేరెత్తి తిట్టింది షమీని. అప్పుడు కోహ్లీ గట్టిగా షమీ పక్షాన నిలబడ్డాడు, ఆ మాట చెప్పుకోవాలి.

మా కుర్రాళ్ళు కొందరు ఇమ్రాన్ ఖాన్ బొమ్మ గోడకి అంటించుకున్నారు, నిజమే. పక్కింటి కుర్రాడు రిచర్డ్స్ బొమ్మ అంటించాడు. వాణ్ణి వెస్టిండీస్ పొమ్మన్నవాడు లేడు.

1999 జనవరిలో చెన్నైలో పాకిస్తాన్ 12 పరుగులతో గెలిస్తే చేపాక్ జనం లేచి నిలబడి ఆ జట్టుకి చప్పట్లు కొట్టారు. క్రీడాస్ఫూర్తి అని లోకం మెచ్చుకుంది. మేమూ మెచ్చుకున్నాం. అవే చప్పట్లు పొదిలిలో మా వీధిలోంచి వినబడితే వాటికేం పేరు పెడతారు?